రేకు అవతలి చెయ్యి

మేస్త్రి వ్యాన్ టాపు మీద బొటనవేలితో నొక్కాడు. టప్‌మని లోపలికి పోయింది. వేలు తీశాడు. టప్‌మని పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. ముప్ఫై నాలుగేళ్ళుగా బండ్ల రేకులు సరిచేస్తున్న మనిషి, పసిపిల్లాడు డబ్బా మూతతో ఆడుకున్నట్టు అలా ఎంతసేపు నొక్కాడో అతనికే తెలీదు. పదిసార్లు నొక్కితే రేకు మనసు మార్చుకుంటుందా ఏమన్నా? కొంప మునిగిందని మొదటిసారి నొక్కినప్పుడే తెలిసిపోయింది.

తప్పు ఎవరిదంటారా? ముమ్మాటికీ అతనిదే. టాపు మధ్యలో తుప్పు తినేసిన చోట పలకంత ముక్క కోసేసి, అదే కొలతకి కొత్త రేకు పెట్టి అతకాలి. అతకడం అంటే ఈ మూల ఒక చుక్క, ఎదుటి మూల ఒక చుక్క, చల్లారేదాకా ఆగి ఇంకో చుక్క. పల్చటి రేకు వేడికి ఓర్చుకోలేదు. తొందరపడి గీత గీసినట్టు ఏకబిగిన వెల్డింగ్ చేసుకుంటూ పోతే, ఆ గీత చల్లారేటప్పుడు బిగుసుకుపోయి చుట్టుపక్కల రేకునంతా తన వైపు లాగేసుకుంటుంది. టాపంతా అలలు తేలిపోతుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు ఇది. మేస్త్రికి తెలీదా? తెలుసు. తెలిసి తెలిసి, మంగళవారం పొద్దున నాలుగు వైపులా ఒకే ఊపులో అతికి పారేశాడు.

ఎందుకలా చేశాడో చెప్తే నవ్వుతారు. ఆగమని చెప్పే మనిషి లేక. ఇరవై ఆరేళ్ళపాటు అతను వెల్డింగ్ గన్ పట్టుకున్న ప్రతిసారీ పక్కన ఒకడు తడిగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. నాలుగు చుక్కలు పడగానే "ఆగన్నయ్యా, చల్లారనీ" అనేవాడు. "నాకు తెలీదేంట్రా!" అని మేస్త్రి విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఆగేవాడు. అలా ఆగడం అనే పనంతా పక్కవాడికి అప్పజెప్పేసి, తను అతకడం ఒక్కటే చేస్తూ ఇన్నేళ్ళూ గడిపేశాడన్నమాట. మంగళవారం పక్కన ఎవరూ ఆగమనలేదు, ఇతను ఆగలేదు.

ఆ పక్కవాడు మేస్త్రి తోడల్లుడు. అక్కాచెల్లెళ్ళని చేసుకున్నారు ఇద్దరూ. అక్క మేస్త్రి భార్య, చెల్లెలు ఇతని భార్య. పెళ్ళయిన కొత్తలో "రెండు నెలలు పని చూసి వెళ్తానన్నయ్యా" అని షెడ్డుకి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు చూశాడు.

రేకు సరిచెయ్యడం అసలు ఒక్కడి పని కాదు. బయట నుంచి ఒకడు సుత్తితో కొడుతుంటే, లోపలి నుంచి ఇంకొకడు డాలీ పట్టాలి. డాలీ అంటే ఏం లేదు, అరచేతిలో ఇమిడే ఇనప దిమ్మె. సుత్తి ఎక్కడ పడుతుందో సరిగ్గా దాని వెనక ఆనించాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయిందా, రేకు ఇంకా చెడుతుంది. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. వీళ్ళిద్దరికీ కనపడక్కర్లేదు కూడా. లోపలి నుంచి డాలీతో ఒకసారి తడితే ఇక్కడ కొట్టమని, రెండుసార్లు తడితే చాలు, పక్కకి జరగమని. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడుకోకుండా ఒక కారు పూర్తిచేసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో మేస్త్రికి ఎప్పుడూ ఒంటరిగా అనిపించలేదు.

మూడేళ్ళ క్రితం మేస్త్రి భార్య పోయింది. ఇల్లు ఖాళీ అయింది గానీ రోజు ఖాళీ కాలేదు. పొద్దున షెడ్డు షట్టరు ఎత్తేసరికి తోడల్లుడు గుమ్మం ముందు ఉండేవాడు. మధ్యాహ్నానికి మరదలు పంపిన అన్నం డబ్బా ఉండేది, ఇద్దరూ ఒకే డబ్బాలోంచి వడ్డించుకునేవాళ్ళు. తొమ్మిది నెలల క్రితం ఆ రెండూ పోయాయి. ఎవరో వచ్చి ఎత్తుకుపోలేదు, చేతులారా పోగొట్టుకున్నాడు.

జరిగింది ఇదీ. తోడల్లుడు కూతురి పరీక్షకని ఊరెళ్ళిన రోజున మేస్త్రి ఒక పళ్ళ డాక్టరుగారి కారు తలుపు ఒక్కడే అతికాడు. వంకరపోయింది. సాయంత్రానికి కారు కావాలని డాక్టరుగారు డ్రైవరుతో కబురంపారు. సరిచేసే ఓపిక లేక, వేలెడు మందాన పుట్టీ పూసి, నున్నగా రుద్ది, రంగు కొట్టించి ఇచ్చేశాడు. రెండు నెలలకి ఆ పుట్టీ పెచ్చులూడింది. డాక్టరుగారు అగ్గి మీద గుగ్గిలంలా వచ్చి, "ఎవరయ్యా ఈ పని చేసింది?" అని నలుగురి ముందూ అరిచారు. మేస్త్రి నోటికి ఏ పురుగు కుట్టిందో, "నేను ఆ రోజు లేనండీ, మా తోడల్లుడు చేశాడు" అనేశాడు. తోడల్లుడు పక్కనే ఉన్నాడు. నేనా అనలేదు, నేను కాదు అనలేదు. డాక్టరుగారు తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని పడ్డాడు. ఆయన వెళ్ళిపోయాక చేతులు కడుక్కుని, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. మేస్త్రి వెళ్ళి పిలవలేదు. వారం గడిస్తే వెళ్ళడం కష్టమైంది, నెల గడిస్తే ముఖం చెల్లలేదు. ఇంతలో తోడల్లుడు బస్సు డిపోలో బాడీ పనికి కుదిరాడని తెలిసింది.

ఇప్పుడు ఈ వ్యాను ఎవరిదంటే, ఆ తోడల్లుడి కూతురిది. పిల్ల కళ్ళు పరీక్షచేసే చదువు చదువుకుంది. పాత వ్యాను కొని, లోపల మెషిన్లు బిగించుకుని, బడుల చుట్టూ తిరిగి పిల్లల చూపు పరీక్ష చేసి కళ్ళజోళ్ళు ఇస్తుందట. ఆదివారం తిన్నగా షెడ్డు ముందు తెచ్చి ఆపింది.

"పెదనాన్నా, వానొస్తే నీళ్ళన్నీ నా మెషిన్ మీదే కారుతున్నాయి. సోమవారం మొదటి బడి. శనివారానికి కావాలి."

"మీ నాన్నకి తెలుసా ఇక్కడికి తెచ్చినట్టు?"

"నాన్నకీ నీకూ మధ్య నేనెక్కడ చావను? నాకు బండి బాగవ్వాలి. నీకంటే బాగా చేసేవాళ్ళు నాకు తెలీదు" అని తాళాలు చేతిలో పెట్టి, చెంప గిల్లి వెళ్ళిపోయింది.

తొమ్మిది నెలల తర్వాత తనవాళ్ళలో ఒకరు ఆ గుమ్మం తొక్కారు. మేస్త్రికి కాళ్ళు నేల మీద ఆనలేదు. వంక పెట్టలేని పని చెయ్యాలి, ఈ పిల్ల వెళ్ళి వాళ్ళ నాన్నకి చూపించాలి, చూసి వాడి మనసు కరగాలి అనుకున్నాడు. ఆ సంబరంలోనే, ఆ తొందరలోనే ఏకబిగిన అతికేశాడు.

బుధవారమంతా ఒక్కడే తంటాలు పడ్డాడు. బిగుసుకుపోయిన ఆ గీతని డాలీకీ సుత్తికీ మధ్య పెట్టి, మెల్లగా కొట్టి మళ్ళీ సాగదియ్యాలి. వ్యాను లోపల నిలబడి డాలీ పట్టుకుంటే సుత్తి పట్టే చెయ్యి టాపు మీదికి అందదు. నిచ్చెనెక్కి సుత్తి పట్టుకుంటే డాలీ పట్టేవాడు లేడు. ఒక కర్రకి డాలీ కట్టి, నేలకీ టాపుకీ మధ్య బిగించాడు. నిచ్చెనెక్కి రెండు దెబ్బలు వేశాడో లేదో కర్ర జారి ధడేల్‌మని పడింది. దిగి, లోపల దూరి, మళ్ళీ బిగించి, మళ్ళీ ఎక్కాడు. అలా నలభైసార్లు ఎక్కి దిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. టాపు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు టప్‌మంటూనే ఉంది.

పక్క షెడ్డు పెయింటరు టీ తాగుతూ ఈ సర్కసంతా చూస్తున్నాడు. "పుట్టీ పెట్టి పారెయ్ మేస్త్రీ. టాపు మీద ఎవడు చూస్తాడు? ఆ పిల్ల నిచ్చెనేసుకుని ఎక్కుతుందా?" అన్నాడు.

మేస్త్రి పుట్టీ డబ్బా మూత తీశాడు కూడా. అబద్ధమెందుకు, పూసే బద్దె కూడా అందులో ముంచాడు. బండి పరిగెడుతుంటే గాలికి రేకు టపటపలాడుతుంది, పుట్టీ పగులుతుంది, నీళ్ళు మళ్ళీ ఆ పిల్ల మెషిన్ మీదే కారతాయి. అప్పుడు ఎవరు చేశారని అడిగితే ఈసారి ఎవరి పేరు చెప్తాడు? ఇంకెవరున్నారు చెప్పడానికి? బద్దె తుడిచి మూత పెట్టేశాడు.

గురువారం సాయంత్రం తోడల్లుడింటికి బయల్దేరాడు. మూడంతస్తులు ఎక్కుతూ చెప్పాల్సిన మాటలు బట్టీ పట్టాడు. మొదటి అంతస్తులో క్షమాపణ, రెండో అంతస్తులో పాత సంగతులు, మూడో అంతస్తుకి కాస్త కన్నీళ్ళు కూడా సిద్ధమయ్యాయి. మరదలు తలుపు తీసి, "బావగారా!" అని ఒక అడుగు వెనక్కి వేసింది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. చిక్కిపోయారు బావగారూ అని ఆమె అంటుందేమోనని ఎదురుచూశాడు. అనలేదు.

తోడల్లుడు బనీనుతో నేల మీద కూర్చుని బల్ల కాలికి మేకు కొడుతున్నాడు. తలెత్తి చూసి, "రండి మేస్త్రిగారూ, కూర్చోండి" అన్నాడు.

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. ఇరవై ఆరేళ్ళు అన్నయ్యా, నువ్వు అని పిలిచిన నోరది. బట్టీ పట్టినవన్నీ ఎగిరిపోయి, మేస్త్రి నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"వ్యాన్ టాపు వంకరపోయింది."

"ఎలా?"

"ఏకబిగిన అతికేశాను."

"మీరా?"

"నేనే." గ్లాసు కింద పెట్టి, "అమ్మాయి వ్యాను" అన్నాడు.

తోడల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె ఫ్యాను ఎలా తిరుగుతోందో జీవితంలో మొదటిసారి గమనిస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడింది. తల్లీకూతుళ్ళిద్దరికీ తెలుసన్నమాట.

"ఆ రోజు నిన్ను అనకూడని మాటన్నాను. తప్పు నాదే. నువ్వు లేకపోతే నాకు చేతకావట్లేదు" అన్నాడు మేస్త్రి.

"తప్పు మీదేనని నాకు తెలుసు కదండీ. తెలిసినవాడికి చెప్పి ఏం లాభం? ఎవరి ముందు అన్నారో ఆయనకి చెప్పండి. డాక్టరుగారికి చెప్పి రండి, వస్తాను" అని మళ్ళీ మేకు మీద సుత్తి వేశాడు.

శుక్రవారం పొద్దున్నే మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కౌంటరు దగ్గరమ్మాయి "ఏ పన్నండీ?" అంది. పన్ను కాదమ్మా, తలుపు అన్నాడు. ఆ పిల్ల అయోమయంగా చూసి, "పంటి సంగతి లోపల డాక్టరుగారికే చెప్పండి" అని చీటీ రాసిచ్చింది. బుగ్గలు వాచినవాళ్ళ మధ్య గంటన్నర కూర్చున్నాడు. వంతు వచ్చి లోపలికి వెళ్తే, నోరు విప్పేలోపు వెనక్కి వాలే కుర్చీలో పడుకోబెట్టి మొహం మీద లైటు వేశారు. అలా పడుకుని, లైటు కళ్ళలో కొడుతుండగానే, ఆ రోజు తలుపు చెడగొట్టింది తనేనని, తోడల్లుడు ఊళ్ళోనే లేడని, వాడికి తన పనిలో ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదని మొత్తం చెప్పేశాడు.

డాక్టరుగారు చేతిలో అద్దం పట్టుకుని అలాగే విన్నారు. "ఏ తలుపు?" అన్నారు.

"మీ తెల్ల కారు తలుపండీ. పుట్టీ ఊడిపోయింది. మీరు వచ్చి కేకలేశారు."

"నేనా? కేకలేశానా?" ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోబోయారు. "ఏమోనయ్యా. ఆ కారు అమ్మేసి చాన్నాళ్ళయింది. సరేలే, ఎలాగూ వచ్చావు, నోరు తెరువు, ఆ వెనక పన్ను పుచ్చినట్టుంది."

మేస్త్రి నోరు తెరిచాడు. ఇంకేం చేస్తాడు మరి.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. గుర్తులేదని చెప్పాలా, క్షమించారని చెప్పాలా? క్షమించారంటే తోడల్లుడు సంతోషిస్తాడు, డాక్టరుని వెళ్ళి అడిగేదీ లేదు. కానీ ఒక అబద్ధానికే తొమ్మిది నెలలు ఒక్కడే అన్నం తిన్నాడు. రెండోదానికి ధైర్యం చాల్లేదు. డిపో గేటు దగ్గర తోడల్లుణ్ణి బయటికి పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"గుర్తే లేదన్నారా?" అన్నాడు తోడల్లుడు.

"కారు కూడా లేదట."

"నేను ఆ వీధిలోంచి నడవడం మానేశాను. మొన్న పన్ను నొప్పొస్తే రెండు బస్సులు మారి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను, ఈయనకి ఎదురుపడాల్సొస్తుందని." చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మేస్త్రి నేల చూశాడు. "పదండి. సగం రోజు సెలవు పెట్టొస్తాను."

మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టారు. తోడల్లుడు డాలీ తీసుకుని వ్యాను లోపలికి వెళ్ళాడు, మేస్త్రి నిచ్చెనెక్కాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. లోపల అతను అరచేత్తో రేకుని తడుముతున్నాడని, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చూస్తున్నాడని మేస్త్రికి తెలుసు. తర్వాత వచ్చింది, టక్‌మని ఒకటే తట్టు. ఇక్కడ. మేస్త్రి సుత్తి వేశాడు. ఇనుము మీద ఇనుము ఖణేల్‌మంది. మూడు రోజులుగా బోలుగా మోగుతున్న రేకు మొదటిసారి నిండుగా పలికింది.

గీత వెంబడి అంగుళం అంగుళం జరిగారు. కొట్టేకొద్దీ బిగుసుకున్నది సాగింది, అలలు ఒక్కొక్కటే అణిగాయి. ఒకచోట మరీ సాగి బుడిపెలా లేచింది. మేస్త్రి గ్యాసు మంటతో అక్కడ చొక్కా గుండీ అంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో తట్టి, తడిగుడ్డ అద్దాడు. చుయ్‌మని ఆవిరి లేచి, బుడిపె కిందికి దిగింది. వెంటనే ఇంకోచోట మంట పెట్టబోయాడు.

"ఆగండి. చల్లారనివ్వండి" అంది లోపలి నుంచి గొంతు.

మేస్త్రి ఆగాడు. నిచ్చెన మీద, మంట పక్కకి తిప్పి పట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆ 'అండి' ఒకటి ముల్లులా గుచ్చుకుంది గానీ, ఏమైతేనేం, ఆగమనే మనిషి ఉన్నాడు. భార్య పోయాక ఇంత సంతోషం అతనికి మళ్ళీ కలగలేదు. ఈ టాపు సాయంత్రానికి కాదు, వారం దాకా తెమలకపోయినా బాగుండుననిపించింది. ఒకచోట బాగానే ఉన్న రేకుని ఇంకో నాలుగు దెబ్బలు అదనంగా కొట్టాడు కూడా. లోపలి నుంచి విసుగ్గా రెండు తట్లు వచ్చాయి. చాలు.

నాలుగున్నరకి మేస్త్రి మధ్యలో బొటనవేలితో నొక్కాడు. రేకు కదల్లేదు. అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కాడు. రాయిలా ఉంది.

తోడల్లుడు కిందికి దిగి, డాలీ బల్ల మీద పెట్టి, కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. మేస్త్రి తువ్వాలు అందించాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

"సోమవారం నుంచి వచ్చెయ్‌రా. డిపోలో నీకేంటి పని? ఇది నీ షెడ్డు. నువ్వు లేకపోతే నేను మనిషిని కాను, నీకే కనపడింది కదా."

తోడల్లుడు చేతులు తుడుచుకోవడం ఆపాడు. టాపు వైపు చూశాడు.

"అన్నయ్యా, నీ మీద నాకు కోపం లేదు."

తొమ్మిది నెలల తర్వాత ఆ పిలుపు వినగానే మేస్త్రి కళ్ళు చెమర్చాయి. అంతే చాలు, గెలిచాననుకున్నాడు.

"కోపం ఉన్నన్నాళ్ళూ రోజూ రావాలనే ఉండేది" అన్నాడు తోడల్లుడు. "డిపోలో రేకు కొడుతూ లోపల్లోపల నీతో పోట్లాడుతూనే ఉండేవాణ్ణి. నువ్వొస్తావు, ఇలా అంటావు, నేనిలా అంటాను అని. ఇవాళ ఆయనకి గుర్తే లేదని నువ్వు చెప్పాక అది కూడా పోయింది. ఇందాక మూడున్నర గంటలు లోపల నిలబడి చూసుకున్నాను. కోపం లేదు. రావాలనీ లేదు. అబద్ధం చెప్పి నిన్ను ఆశపెట్టడం దేనికి? అక్కడ అలవాటు పడిపోయాను."

"పోనీ ఆదివారాలు..."

"ఆదివారాలు ఇంట్లో ఉంటున్నానన్నయ్యా ఇప్పుడు. మీ మరదలు సంతోషిస్తోంది." తువ్వాలు మడిచి మేస్త్రి భుజం మీద వేసి, ఆ భుజాన్ని ఒకసారి నొక్కాడు. "మధ్యాహ్నాలు అన్నం తిను. బాగా చిక్కిపోయావు."

అతను వెళ్తుంటే మేస్త్రి వీధి మలుపు దాకా చూశాడు. వెనక్కి తిరుగుతాడేమోనని కాదు, చూడ్డానికి ఇంకేం లేక.

శనివారం పొద్దున అమ్మాయి వచ్చింది. నిచ్చెన మీద నాలుగు మెట్లెక్కి, రంగు వేసిన టాపు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ రాసింది. "పెదనాన్నా! అతుకెక్కడుందో చెప్తావా, నాకైతే దొరకట్లేదు."

"చెడగొట్టింది నేను. బాగుచేసింది మీ నాన్న. లోపల నిలబడి డాలీ పట్టింది వాడే."

పిల్ల ఒక్క ఉదుటున నిచ్చెన దిగింది. మొహం వెలిగిపోతోంది. "అబ్బ! నాన్న ఒక్క ముక్క చెప్పలేదు చూడు! అయితే కలిసిపోయారా మీరిద్దరూ?"

"కలిసిపోయామమ్మా."

"హమ్మయ్య! ఎన్నాళ్ళకి! మరి నాన్న ఎప్పట్నించి వస్తున్నాడు షెడ్డుకి?"

మేస్త్రి తాళాలు ఆ పిల్ల చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఇక రాడమ్మా."